గడియారాల ఊరిలో నాన్నగారి ఒమేగా

ఉద్యోగరీత్యా విదేశాలకు వెళ్ళివచ్చిన సహోద్యోగులు మన పత్రికలో వ్రాసే యాత్రాకథనాలను నేను శ్రద్ధగా చదువుతాను. స్విట్జర్లాండు వెళ్ళినవారందరూ యుంగ్‌ఫ్రౌ మంచు గురించీ, చాక్లెట్ల గురించీ, నిమిషం తప్పని రైళ్ళ గురించీ వ్రాశారు. టూల్‌రూము కోసం కొన్న ఒక గ్రైండింగ్ యంత్రాన్ని రవాణాకు ముందు తనిఖీ చేయడానికి 2018 అక్టోబరులో నేనూ ఆ దేశం వెళ్ళాను. తొమ్మిది రోజులున్నాను. యుంగ్‌ఫ్రౌ మాత్రం చూడలేదు. తీరిక దొరికిన ఒక్క శనివారాన్నీ ఒక చేతి గడియారం మీది గీత కోసం ఖర్చు చేశాను. ఈ సంగతి తలచుకుని మా ఇంట్లో పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు.

ముందుగా ఆ గీత సంగతి చెప్పాలి.

మా నాన్నగారు నాగార్జునసాగర్ నిర్మాణంలో సూపర్‌వైజరుగా పనిచేశారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టను సిమెంటు కాంక్రీటుతో గాక రాతితో కట్టారు. కట్టెల పరంజాల మీద వేలాదిమంది కూలీలు బారులు తీరి రాళ్ళు మోశారు. ఓడలో ఇంజనీరుగా ఉన్న మా పెదనాన్నగారు 1962లో ఏడెన్ రేవులో ఒమేగా సీమాస్టర్ గడియారం ఒకటి కొని తమ్ముడికి తెచ్చి ఇచ్చారు. స్టీలు కేసు, వెనుక మూత మీద చెక్కిన సముద్రపు గుర్రం. నాన్నగారు దాన్ని పండుగలకని దాచుకోలేదు. పనిలోకే పెట్టుకుని వెళ్ళేవారు. ఒకనాడు పరంజా మీద జారుతున్న రాయి కింద నుండి ఒక కూలీని ఆయన పక్కకు లాగారట. మనిషికి ఏమీ కాలేదు. నాన్నగారి ఎడమ మణికట్టు రాతికీ వాసానికీ మధ్య నలిగి, గడియారం కేసు పక్కభాగాన కొసదాకా లోతైన గీత పడింది. ఈ సంగతి నాన్నగారు ఏనాడూ చెప్పలేదు. అమ్మ చెప్పింది. మణికట్టు మీది మచ్చ ఆయనతోనే పోయింది. గడియారం మీది గీత మిగిలింది.

నాన్నగారు పోయాక గడియారం చాలాకాలం బీరువాలోనే ఉండి ఆగిపోయింది. 2018లో మా మేనల్లుడికి పెళ్ళి కుదిరింది. ముహూర్తం మరుసటి మాఘమాసంలో. తాతగారి గడియారాన్ని మేనమామగా నేను పెళ్ళికొడుకుకు కానుకగా పెట్టాలన్నది అక్కయ్య కోరిక. నాకూ సమ్మతమే. అయితే అక్కయ్య ఫోనులో ఒక మాట కలిపింది. "బాగు చేయించడం ఎలాగూ చేయిస్తావు. ఆ గీతలన్నీ తీయించి నిగనిగలాడేలా పాలిష్ పెట్టించరా. పెళ్ళిపందిట్లో నలుగురిలో గీతలు పడ్డ గడియారం పెడితే వియ్యాలవారు ఏమనుకుంటారు?"

అక్కయ్య మాటలో తప్పు లేదు. నేను వెంటనే సరేననలేకపోవడానికి వేరే కారణం ఉంది. మా మామగారు ప్రధానోపాధ్యాయులుగా పదవీవిరమణ చేసిన రోజున శిష్యులందరూ చందాలు వేసుకుని ఆయనకు బంగారు పూత గడియారం ఒకటి ఇచ్చారు. వెనుక మూత మీద పాఠశాల పేరూ, తేదీ తెలుగులో చెక్కించారు. ఆయన తరువాత అది మా ఇంటికి వచ్చింది. కొన్నేళ్ళ క్రితం నూనె వేయించడానికి మా ఊరిలోని ఒక దుకాణంలో ఇచ్చాను. వాళ్ళు అడగకుండానే ఉచితంగా మెరుగు పెట్టి ఇచ్చారు. గడియారం నిజంగానే మెరిసింది. ఇంటికి వచ్చి చూస్తే కొమ్ముల మీద పూత పోయి ఇత్తడి కనబడుతోంది. అక్షరాలు తడిసిన పలకమీది రాతలా అలుక్కుపోయాయి. పూత మందం మైక్రాన్లలో ఉంటుందని నాకు తెలుసు. అయినా ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు. మా ఆవిడ నన్ను ఏమీ అనలేదు. మూత మీద ఒకసారి వేలు రాసి, భరిణెలో పెట్టి మూసింది. ఆ భరిణె నేను చూస్తుండగా మళ్ళీ తెరవలేదు.

అందువల్ల ఒమేగాను రుమాలులో చుట్టి పెట్టెలో పెట్టుకుని స్విట్జర్లాండు తీసుకువెళ్ళాను. గడియారాలు పుట్టినచోట ఎవరినైనా అడగవచ్చుననుకున్నాను.

మేము తనిఖీ చేసిన యంత్రాల కర్మాగారం బెర్న్ నగరానికి దగ్గర. అక్కడ నాకు తోడుగా ఉన్న ఇంజనీరుకు ఒకరోజు భోజనాల వేళ గడియారం చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, తన భార్య తండ్రి లె లోక్ల్ పట్టణంలో నలభై సంవత్సరాలు గడియారపు కేసులకు మెరుగు పెట్టిన మనిషి అనీ, శనివారం స్వయంగా తీసుకువెళతాననీ అన్నారు. ముందు లా షో-ద-ఫోన్ చూడమనీ, మధ్యాహ్నం కారులో అక్కడికి వస్తాననీ చెప్పారు.

బెర్న్ నుండి న్యూషాటెల్ వరకు ప్రయాణం సాధారణమే. అక్కడ సరస్సు ఒడ్డున రైలు మారి యూరా పర్వతాలు ఎక్కాలి. సగం దారిలో షాంబ్రెలియన్ అనే చిన్న స్టేషనులో పట్టాలు ముగిసిపోతాయి. డ్రైవరు దిగి, రైలు పొడవునా నడిచి రెండో కొసన ఎక్కాడు. వచ్చిన దిక్కుకే రైలు మళ్ళీ కదిలి వేరే దారిన పైకి ఎక్కసాగింది. వాలు ఎక్కడానికి దొరికిన స్థలంలో ఆనాటి ఇంజనీర్లు చేసిన ఏర్పాటు ఇది. చక్కని ఏర్పాటు. నాతోబాటు కూర్చున్నవారిలో ఒక్కరూ పత్రిక మీది నుండి తల ఎత్తలేదు. నేను మాత్రం చిన్నపిల్లవాడిలా కిటికీకి అతుక్కున్నాను. ఆపైన సొరంగాలు. చివరి సొరంగం దాటితే ఊరు.

లా షో-ద-ఫోన్ సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్నది. పిక్చర్ పోస్టుకార్డుల మీద కనిపించే స్విట్జర్లాండు కాదిది. 1794లో ఊరు చాలాభాగం కాలిపోయింది. తరువాత పంతొమ్మిదవ శతాబ్దంలో గళ్ళనోటు పుస్తకంలా నిట్టనిలువు వీధులతో తిరిగి కట్టుకున్నారు. మన టౌన్‌షిప్ క్వార్టర్లలో పెరిగిన పిల్లలకు ఈ ఊరు పరాయిగా అనిపించదు. పొడవైన ఇళ్ళ వరుసలు, మధ్య తోటలు, వరుసలు తీరిన పెద్ద కిటికీలు. ఆ కిటికీలకు కారణం గడియారాలే. విద్యుద్దీపాలు లేని రోజుల్లో పళ్ళచక్రాలు అమర్చేవారికి పగటి వెలుగు కావాలి. ఒక ఇంట్లో ముళ్ళు, ఇంకో ఇంట్లో రాళ్ళు, మరో ఇంట్లో కేసులు తయారయ్యేవి. కార్ల్ మార్క్స్ 1867లో వెలువడిన తన పెట్టుబడి గ్రంథంలో ఈ ఊరంతా కలిసి ఒకే కర్మాగారం వంటిదని పేర్కొన్నాడు. లా షో-ద-ఫోన్‌నూ పొరుగున ఉన్న లె లోక్ల్‌నూ కలిపి 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మన దేశానికి ఈ ఊరితో ఒక బంధుత్వం ఉన్నది. చండీగఢ్ నగరానికి రూపకల్పన చేసిన లె కార్బూజియే 1887లో ఇక్కడే పుట్టాడు. అతని తండ్రి గడియారపు డయళ్ళ మీద ఎనామిల్ వేసే పనివాడు. కొడుకును కేసుల మీద నగిషీ చెక్కే విద్యలో పెట్టారు. చూపు మందగించడంతో వాస్తుశిల్పానికి మళ్ళాడు. చండీగఢ్ సచివాలయం, హైకోర్టు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. అచ్చు చెక్కల గుర్తులు కాంక్రీటు మీద ఉన్నవి ఉన్నట్లే ఉంటాయి. పైన సున్నపు పూత లేదు, నునుపు లేదు. చిన్నప్పుడు లోహాన్ని నగిషీ పట్టిన చేయి పెద్దయ్యాక కాంక్రీటును అలా వదిలివేసింది. ఎందుకో ఆ ఊరి వీధుల్లో నడుస్తూ చాలాసేపు అదే ఆలోచించాను.

అంతర్జాతీయ గడియారాల మ్యూజియం భూమిలోపల ఉన్నది. 1974లో కట్టారు. నీడ గడియారాల నుండి అణు గడియారాల వరకు అన్నీ ఉన్నాయి. వాటిని వర్ణిస్తూ పోతే ఈ పత్రిక చాలదు. నా పనికి సంబంధించిన ఒక్క విషయమే చెబుతాను. పాత గడియారాల కేసుల మీద దెబ్బలు, గీతలు, కదిలిపోయిన ఎనామిల్ అలాగే ఉన్నాయి. లోపలి యంత్రాన్ని శుభ్రం చేసి, నూనె వేసి, నడిచే స్థితిలో ఉంచారు. బయటి ఒంటిని కొత్తదానిలా చేయాలని ప్రయత్నించలేదు. మన ఇళ్ళలో పండుగ ముందు ఇత్తడి సామాను చింతపండుతో తోమే అలవాటు ఉన్న నాకు ఇది మొదట వింతగా తోచింది.

మధ్యాహ్నం మిత్రుడు వచ్చి కారులో లె లోక్ల్ తీసుకువెళ్ళాడు. ఎనిమిది కిలోమీటర్లు కూడా ఉండదేమో. దారిలో జెనిత్ కంపెనీ భవనాలు చూపించాడు. 1865లో స్థాపించిన సంస్థ అది. గాంధీజీ జేబు గడియారం జెనిత్‌దేనని, 2009లో న్యూయార్కులో వేలానికి వచ్చిన ఆయన వస్తువుల్లో అదీ ఉన్నదని చెబితే మిత్రుడు కారు కాస్త నెమ్మదించి ఆ భవనాలను మళ్ళీ చూశాడు. అతనికి తెలియదట.

పెద్దాయనకు డెబ్బై దాటాయి. ఇంటి కింది గదిలో ఇప్పటికీ చిన్న పనిశాల ఉంచుకున్నాడు. నూలు చక్రాలు, ఫెల్టు చక్రాలు, దుమ్ము పీల్చే గొట్టం. మన సేఫ్టీ విభాగంవారు చూస్తే సంతోషించేవారు. అల్లుడు ఫ్రెంచి నుండి ఇంగ్లీషులోకి అనువదిస్తుండగా మాట్లాడుకున్నాం. ఆయన గడియారాన్ని వెంటనే పొగడలేదు. కంటికి భూతద్దం పెట్టుకుని, ముందు కొమ్ములను చూశాడు. పట్టీ తగిలించే నాలుగు కొమ్ముల అంచున ఏటవాలుగా సన్నటి తళుకు గీత ఒకటి ఉన్నది. నేను అన్నేళ్ళలో గమనించనే లేదు. దాన్ని గోటితో తడిమి, వెనుక సముద్రపు గుర్రం చూసి, ఇది ఒక్కసారి కూడా చక్రం ఎక్కలేదని చెప్పాడు.

తరువాత ఆయన చేసిన పని నాకు ఎన్నో మాటల కంటే బాగా అర్థమైంది. ముక్కల డబ్బాలోంచి పనికిరాని ఒక స్టీలు కేసు తీశాడు. నా చేతికి మైక్రోమీటరు ఇచ్చి ఒక కొమ్ము వెడల్పు కొలవమన్నాడు. దాన్ని ఫెల్టు చక్రానికి రెండు నిమిషాలు ఆనించాడు. అద్దంలా మెరిసింది. మళ్ళీ కొలిస్తే మిల్లీమీటరులో నూటికి నాలుగు వంతులు తగ్గింది. తరిగిన కొలత కంటే ముఖ్యమైనది ఆకారం. మెరుగు పెట్టని కొమ్ముకు రెండు తలాలు, మధ్య పదునైన అంచు. మెరుగు పెట్టిన దానికి వాడిన సబ్బుబిళ్ళలా గుండ్రదనం. మెత్తని చక్రం గుంటను వదిలి గట్టును తింటుంది. అంచులు నిలవాలంటే గట్టి చదును పళ్ళెం మీద కేసును కొలిచిన కోణంలో పట్టి అరగదీయాలి. దానికి చేయి కావాలి, సాధనం కావాలి, సమయం కావాలి. ఉచిత సేవగా ఇచ్చేచోట ఈ మూడూ ఉండవు.

ఇక్కడ నాకు మన రోల్ షాపు గుర్తుకు వచ్చింది. మిల్లులో పనిచేసిన ప్రతి రోల్ మీద గుర్తులు పడతాయి. గుర్తు తొలగించాలంటే గుర్తును గీకితే చాలదు. రోల్ మొత్తాన్ని ఆ గుర్తు అడుగు వరకు తీసివేయాలి. ప్రతి గ్రైండింగులోనూ వ్యాసం కొంత తగ్గుతుంది. అందుకే రోల్‌కు ఒక కార్డు ఉంటుంది, స్క్రాప్ వ్యాసం ఎంతో ముందే నిర్ణయించి ఉంటుంది. ఇంకా ఎన్నిసార్లు గ్రైండింగ్ చేయవచ్చో మనకు తెలుసు. ఉపరితలం బాగాలేకపోతే రేకు పాడవుతుంది గనుక ఆ నష్టానికి ఒప్పుకుంటాం. గడియారపు కేసుకు అటువంటి కార్డు లేదు. మూడేళ్ళకో అయిదేళ్ళకో సర్వీసుకు వెళ్ళిన ప్రతిసారీ ఎంత పోయిందో ఎవరూ వ్రాయరు. పైగా కేసు మీది గీత వల్ల కాలం తప్పు చూపదు. మా నాన్నగారి గడియారం గంటకు 19,800 సార్లు టిక్కుమంటుంది. అంటే రోజుకు 4,75,200 సార్లు. లోపల ఎండిపోయిన నూనెతో అలా నడిపితే ఇరుసులు అరుగుతాయి. కాబట్టి లోపలి సర్వీసు వాయిదా వేయరాదు. బయటి మెరుగు వాయిదా వేస్తే పోయేది ఏమీ లేదు. మన కంసాలులకు తెలిసిన మాటే. మెరుగు ఉన్నచోట తరుగు ఉంటుంది. బంగారమైతే తూచి చూస్తాం, స్టీలును ఎవరూ తూచరు.

పెద్దాయన మెరుగుకు విరోధి కాదు. ఆ పనితోనే ముగ్గురు పిల్లలను చదివించుకున్నాడు. కొత్త గడియారం కొని ఏడాదికే తలుపుకు గీసుకున్న ఉద్యోగి దాన్ని కొత్తదిగా చూడాలనుకుంటే అది అతని ఇష్టం, శ్రద్ధగా చేస్తే ఒకటి రెండు సార్లు కేసు తట్టుకుంటుంది అన్నాడు. చర్మాన్ని గీరే పదునైన లోహపు పొర లేచినా, మూత కింద గాస్కెట్ కూర్చునే చోట తుప్పు గుంటలు పడి నీరు చేరే ప్రమాదం ఉన్నా పని చేయవలసిందే. ఆయన నవ్వినదల్లా వ్యాపారుల గురించి. ఒకప్పుడు మెరిసేదానికి ఎక్కువ ధర ఇచ్చేవారు, ఇప్పుడు మెరుగు పెట్టనిదానికి ఇస్తున్నారు. అందుకని అరిగిన అంచులను మళ్ళీ కోసి, ఎన్నడూ మెరుగు పెట్టలేదని అమ్మేవారు బయలుదేరారట.

ఆ మాట నిజమేనని మరుసటి సంవత్సరం పత్రికల్లో చదివినప్పుడు అనిపించింది. నటుడు మార్లన్ బ్రాండో ధరించిన రోలెక్స్ 2019 డిసెంబరులో న్యూయార్కులో వేలానికి వచ్చింది. అద్దం చుట్టూ ఉండే వలయం ఊడిపోయి ఉన్నది. వెనుక ఆయన స్వయంగా తన పేరు గీసుకున్నాడు. దాన్ని ఎవరూ బాగుచేయలేదు. దాదాపు 19 లక్షల 50 వేల డాలర్లు పలికింది. మనవంటివారి గడియారాలకు ఆ ధర రాదు, రావలసిన అవసరమూ లేదు.

ఇక మా గీత. దాని లోతు మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుందని ఆయన అంచనా. మెరుగుతో తీయాలంటే పక్కభాగమంతా అంత లోతుకు దించాలి. రెండో పక్క కూడా దించకపోతే కేసు ఒంటి పక్కకు ఒరిగినట్లు కనబడుతుంది. కొమ్ములు సన్నబడతాయి, ఆ ఏటవాలు అంచు పోతుంది. అంతటితో నా సమస్య తీరిందనుకున్నాను. అక్కయ్యకు సాంకేతిక కారణం చెప్పవచ్చు, ఇంజనీరు మాట కాదనదు. పెద్దాయన ఆ దారి కూడా మూసేశాడు. ఈ రోజుల్లో లేజరుతో గుంటలో అదే రకం స్టీలు కరిగించి నింపి, చదును చేయవచ్చునట. లోహం పోదు, అంచు పోదు, గీత ఉన్నట్లే తెలియదు. డబ్బు మాత్రం అవుతుంది.

అంటే చేయవచ్చు. చేయాలా వద్దా అన్నదే మిగిలింది.

గీత ఎలా పడిందని ఆయన అడిగాడు. ఆనకట్ట, పరంజా, రాయి, కూలీ. నేను చెప్పినది ఇంగ్లీషులోంచి ఫ్రెంచిలోకి వెళ్ళడానికి కొంత సేపు పట్టింది. పెద్దాయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. ఒక కాగితం ముక్క తీసుకుని ఫ్రెంచిలో ఒక వాక్యం వ్రాసి గడియారంతోపాటు రుమాలులో చుట్టి నా చేతికి ఇచ్చాడు. అల్లుడు చదివి చెప్పాడు. కేసు ముట్టుకోవద్దు, లోపల మాత్రమే పని చేయండి అని. టీ తాగి లేచాం.

తిరుగు ప్రయాణం సెయింట్-ఇమియె లోయ మీదుగా బియెన్ చేరి అక్కడి నుండి బెర్న్. ఒమేగావారి ఊరు బియెన్. స్టేషనులో ప్రతి బోర్డూ జర్మన్‌లో ఒకసారి, ఫ్రెంచిలో ఒకసారి ఉంటుంది. చీకటి పడింది. గడియారాన్ని అక్కడే ఇచ్చి వెళ్ళడానికి నా దగ్గర వ్యవధి లేదు.

హైదరాబాదులో ఒక అధీకృత సర్వీసు కేంద్రంలో ఇచ్చాను. కౌంటరులో కూర్చున్న అమ్మాయి ఫారం నింపుతూ, "పాలిష్ సర్వీసులోనే కలిసి ఉంటుంది సార్, వేరే చార్జీ లేదు" అంది. వద్దన్నాను. ఆ గీత చూసి, పొరపాటు పడుతున్నాననుకుని మళ్ళీ అడిగింది. ఫారం మీద ఇంగ్లీషులో నేనే వ్రాశాను. చాలదనిపించి కింద తెలుగులోనూ వ్రాశాను. ఫ్రెంచి కాగితం కూడా జతచేశాను. మామగారి గడియారం ఇచ్చిన రోజున ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేసినా సరిపోయేది.

అక్కయ్యకు ఫోనులో చెప్పలేదు. పెళ్ళికి రెండు రోజుల ముందు వెళ్ళి చేతిలో పెట్టాను. ఆమె ముఖం చిన్నబోయింది. "నీకు ఒక్క పని చెప్పానురా తమ్ముడూ" అంది. నేను ఏమీ వాదించలేదు. గడియారం చెవి దగ్గర పెట్టుకోమన్నాను. కాసేపు విన్నది. తరువాత బొటనవేలితో పక్కన ఉన్న గీతను ఆ కొస నుండి ఈ కొస వరకు రాసింది. "అమ్మ చెప్పేది కదా" అని ఊరుకుంది. పందిట్లో కానుక పెట్టేటప్పుడు, వియ్యపురాలు అడగకముందే, ఆ రాయి కథ అక్కయ్యే గట్టిగా చెప్పింది. నాకు తెలిసిన కథలో కూలీ ఒక్కడు. అక్కయ్య కథలో ఇద్దరయ్యారు.

మేనల్లుడు పుణెలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. చేతికి ఎన్నో కొలతలు చూపించే కొత్తరకం గడియారం కట్టుకుంటాడు. ఆదివారాలు మాత్రం తాతగారిది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు భోజనాల దగ్గర దాన్ని విప్పి నా ముందు పెట్టాడు. పాత గీతకు కాస్త కింద, అడ్డంగా, మరొకటి. కారు తలుపు తగిలిందట. "ఏం చేద్దాం మామయ్యా?" అని అడిగాడు. ముందు నూనె ఎప్పుడు వేయించావో చెప్పమన్నాను.